ఉత్తమ పురుష

ఎడమచేతి వేళ్ళు కీబోర్డు మీద, కుడిచెయ్యి మౌసు మీద. డబ్ల్యూ నొక్కితే ముందుకి, ఎస్ నొక్కితే వెనక్కి, ఎ, డి నొక్కితే పక్కలకి. మౌసు కదిపితే తల తిరుగుతుంది. మౌసు ఎడమ మీట నొక్కితే తుపాకీ పేలుతుంది. "అంతే మామ్మగారూ" అన్నాడు పై వాటాలో ఉండే ఇంటర్మీడియట్ కుర్రాడు. అంతేనా అనుకున్నాను. మొదటి అరగంటలో పధ్నాలుగుసార్లు చచ్చిపోయాను.

నాకు అరవై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పాను. క్రితం చలికాలంలో స్నానాలగదిలో జారి కుడి చీలమండ దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాను. ఆరువారాలు కాలు కింద పెట్టకూడదన్నారు. ఎంతసేపని చదువుతాం, కళ్ళు లాగేస్తాయి. టీవీ నాకు మొదట్నించీ పడదు. ఇంటిపనికి వచ్చే అమ్మాయి అటక దులుపుతూ కిందికి దించిన అట్టపెట్టెలో మావాడి పాత డిస్కులు బయటపడ్డాయి. వాటిలో ఒకటి 'కాల్ ఆఫ్ డ్యూటీ: వరల్డ్ ఎట్ వార్'. ఇది 2008 నవంబరులో వచ్చిన ఆట. 2009 వేసవి సెలవులన్నీ వాడు దీని ముందే గడిపాడు. అప్పుడు వాడు ఇంజినీరింగు మూడో ఏడు పూర్తిచేశాడు. ఆ వేసవిలో నేను మధ్యగదిలో కూర్చుని ఒక వ్యాసం రాసుకుంటున్నాను. పక్కగదిలోంచి ఒకటే పేలుళ్ళు, అరుపులు. "సౌండు తగ్గించరా" అని కేకలేసేదాన్ని. తగ్గించేవాడు. గంటకోసారి నేను కేకెయ్యడం, వాడు తగ్గించడం, మళ్ళీ పెంచడం. ఆ తలుపు తీసి, వాడు చూస్తున్నదేమిటో ఒక్కసారి కూడా చూడలేదు నేను. మగపిల్లల ఆటలు హింసని నూరిపోస్తాయని ఆ రోజుల్లో సభల్లో మాట్లాడాను కూడా. చూడకుండానే మాట్లాడాను.

అందుకే ఆడదామనిపించింది. కాలు కదలదు గానీ చేతులు రెండూ బాగానే ఉన్నాయి కదా.

ఈ రకం ఆటల్ని 'ఫస్ట్ పర్సన్ షూటర్' అంటారు. తెలుగు టీచర్ని కదా, మనసులో అనువాదం చేసుకోబోయి ఆగాను. ఫస్ట్ పర్సన్ అంటే ప్రథమ పురుష కాదు. మన వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే అతడు, ఆమె, వాళ్ళు. 'నేను' అనేది ఉత్తమ పురుష. ఎన్ని వందలమంది ఆడపిల్లలకి ఈ మాట చెప్పి ఉంటానో. వాళ్ళలో ఒకమ్మాయి ఒకసారి లేచి, "మేం 'నేను' అన్నా ఉత్తమ పురుషేనా మేడమ్?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి పాఠంలోకి వెళ్ళిపోయాను. తర్వాత చాలా ఏళ్ళపాటు మనం ఆ ఒక్క మాట కోసమే కదా పేచీ పడ్డాం! కవిత్వంలో, కథలో, ఆత్మకథలో 'నేను' అని ఒక ఆడది అనగానే అది స్వీయానుభవం మాత్రమే, సాహిత్యం కాదన్నారు. ఆ 'నేను'కి ఒక ఒళ్ళుంది, నెలసరి ఉంది, వంటిల్లుంది అని మనం జవాబు చెప్పాం.

ఈ ఆటలోని 'నేను'కి ఒళ్ళు లేదు. తెర కింది అంచున రెండు చేతులూ వాటిలో ఒక తుపాకీ. అంతే. వంగి చూసుకుంటే కాళ్ళు కనిపించవు. మొహం లేదు. పేరుంది, రష్యా భాగంలో దిమిత్రి పెట్రెంకో అని. కానీ మనం ఆడుతున్నంతసేపూ అతను నోరు విప్పడు. పక్కవాళ్ళందరూ అతన్ని పిలుస్తారు, తిడతారు, మెచ్చుకుంటారు. నిజానికి అవన్నీ నన్నే. ఆకలి లేదు, చలి లేదు. గుండు తగిలితే తెర అంచులు ఎర్రబడతాయి, ఊపిరి బరువుగా వినిపిస్తుంది. గోడచాటుకి వెళ్ళి కాసేపు కూచుంటే ఎరుపు కరిగిపోతుంది, ఒళ్ళు బాగుపడిపోతుంది. నా చీలమండకి ఆరువారాలు పట్టింది. అక్కడ ఆరు క్షణాలు చాలు.

ఆ క్షణాలు కూడా ఓపిక పట్టలేక లేచి పరిగెత్తితే చచ్చిపోతాం. చచ్చిపోయినప్పుడల్లా తెర మీద యుద్ధం గురించి ఎవరో ఒక గొప్పవాడి సూక్తి కనిపిస్తుంది. బాగా ఆడేవాళ్ళకి అవి చదివే అవకాశం తక్కువ. నా అంత తరచుగా చనిపోయే మనిషికి మాత్రం అదొక సూక్తి సుధ. సేనానులు, ప్రధానులు, తత్వవేత్తలు... నాకు ఎదురైనవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. యుద్ధం మంచిది కాదనే చెబుతారు చాలామంది. ఆ వెంటనే ఆట మళ్ళీ తుపాకీ చేతికిస్తుంది.

నాలుగో రోజుకి చావడం తగ్గింది. వారం తిరిగేసరికి ఒక సంగతి ఒప్పుకోక తప్పలేదు. నాకు ఈ ఆట నచ్చింది.

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామంది ఈ మాట దగ్గర తల పక్కకి తిప్పుకుంటారు. కందకంలో దాక్కుని, అవతలి గోడ మీద కదిలిన టోపీని గురిచూసి కొట్టినప్పుడు ఒంట్లో ఏదో ఒక ముడి విడినట్టు ఉండేది. జీవితంలో ఏ పనీ నాకంత స్పష్టంగా పూర్తయినట్టు అనిపించలేదు. వంటా, ఇల్లూ, పరీక్ష పేపర్లూ ఎప్పటికీ అయిపోనివి. ఇక్కడ ఒకడు నిలబడి ఉన్నాడు, పడిపోయాడు, అయిపోయింది. రాత్రి పదకొండుకి కుర్రాడు కిందికి దిగి, "ఇంకా ఆడుతున్నారా మామ్మగారూ?" అంటే సిగ్గుపడ్డాను. కానీ ఆపలేదు.

నచ్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ ఆటలో సగం పసిఫిక్ దీవుల్లో జపాను మీద అమెరికా సైనికుడిగా ఆడాలి. అది నేను మొక్కుబడిగా ఆడాను. మిగతా సగంలో ఎర్రసైన్యం మనిషిని. 1942 సెప్టెంబరు 17, స్టాలిన్‌గ్రాడ్. ఎండిపోయిన ఒక ఫౌంటెన్‌లో శవాల మధ్య కళ్ళు తెరుస్తాను. పక్కన శవంలా పడి ఉన్న మనిషి మెల్లిగా మాట్లాడతాడు. అతను సార్జెంట్ రెజ్నోవ్. అతని చేతికి గాయమైంది, తుపాకీ పేల్చలేడు. తన బదులు నన్ను పేల్చమంటాడు.

మా నాన్న కృష్ణాజిల్లా కమ్యూనిస్టు. మా ఇంట్లో దేవుడి పటాలు లేవు, 'సోవియట్ భూమి' పత్రికలుండేవి. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను ఊళ్ళోకొస్తే మాకు తిరునాళ్ళే. మా ఊరి కాలవ తర్వాత నాకు బాగా తెలిసిన నీరు వోల్గా నదిది. ఎర్రసైన్యం సైనికుడంటే నా చిన్నప్పటి ఊహలో నవ్వుతూ పసిపిల్లని ఎత్తుకున్న మనిషి. ఇన్నాళ్ళకి నేనే ఆ సైనికుణ్ణయ్యాను. పక్కనున్నవాళ్ళు "ఉర్రా" అని అరుస్తూ పరిగెత్తుతుంటే నా గొంతులోనూ ఆ కేక వచ్చింది. నాన్న ఉంటే ఏమనేవాడో గానీ, పక్కన కుర్చీ వేసుకు కూచునేవాడు మాత్రం.

ఆ స్టాలిన్‌గ్రాడ్‌లో నాకు ఒక్క ఆడమనిషి కనిపించలేదు. మొదట పట్టించుకోలేదు. ఆటలో చచ్చినవాళ్ళూ మగవాళ్ళే, చంపేవాళ్ళూ మగవాళ్ళే. ఆ నగరం మీద 1942 ఆగస్టు 23న జర్మన్ విమానాలు బాంబులు కురిపించినప్పుడు అక్కడి సాధారణ ప్రజల్లో ఎక్కువమందిని ఇంకా తరలించలేదు. వేలమంది చనిపోయారు. అదే రోజు ఊరి ఉత్తరపు అంచున జర్మన్ ట్యాంకుల మీద విమాన విధ్వంసక ఫిరంగులు దించి కాల్చిన 1077వ రెజిమెంటులో ఎక్కువమంది అప్పుడప్పుడే చదువులు ముగించుకుని వచ్చిన అమ్మాయిలు. ఆ యుద్ధంలో సోవియట్ సైన్యంలో పనిచేసిన ఆడవాళ్ళు దాదాపు ఎనిమిది లక్షలమంది. 309 మందిని గురిచూసి కొట్టిన ల్యుద్మిలా పావ్లిచెంకో 1942లో అమెరికా వెళితే పత్రికలవాళ్ళు ఆమె లిప్‌స్టిక్ గురించీ యూనిఫారం కొలతల గురించీ అడిగారు. ఆట తయారుచేసినవాళ్ళకి ఈ సంగతులు తెలియవనుకోను. తెలిసీ వదిలేశారు. మన దగ్గర తెలంగాణా సాయుధ పోరాటం గురించి ఎన్ని పుస్తకాలొచ్చాక 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చిందో గుర్తుచేసుకుంటే ఇదేమీ వింత కాదు.

ఆ తర్వాత వచ్చిన ఆటల్లో ఆడ సైనికుల్ని పెట్టారు. 2018లో 'బాటిల్‌ఫీల్డ్ 5' ప్రచార చిత్రంలో కృత్రిమ చెయ్యి ఉన్న ఒక మహిళా సైనికురాలు కనిపించేసరికి చరిత్రని వక్రీకరిస్తున్నారని ఆటగాళ్ళు గగ్గోలు పెట్టారు. 2021లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీలో స్టాలిన్‌గ్రాడ్ గురికత్తె పోలినా పెట్రోవా పాత్రని పావ్లిచెంకో స్ఫూర్తితోనే చేశారు. మంచిదే. కానీ నా మనసు తొలుస్తున్నది తుపాకీ పట్టిన ఆడదాని గైర్హాజరీ కాదు. అది నాకు బెర్లిన్ చేరాక తెలిసింది.

ఆటలో 1945 ఏప్రిల్. ఎర్రసైన్యం బెర్లిన్‌లోకి అడుగుపెడుతుంది. ఒక అంకానికి 'ఎవిక్షన్' అని పేరు. ఇంట్లో ఉన్నవాళ్ళని ఖాళీ చేయించడం అన్నమాట. వీధి వెంట అపార్టుమెంట్లు. తలుపులు బద్దలుకొట్టుకుంటూ, మెట్లెక్కుతూ, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళుతూ జర్మన్ సైనికుల్ని చంపాలి. మనుషులు కాపురమున్న ఇళ్ళని తెలుస్తూనే ఉంటుంది, సామాన్లున్నాయి. నేను మూడు ఇళ్ళు దాటాక వంటిల్లు కోసం వెతకడం మొదలుపెట్టాను. ఎందుకు వెతికానో అప్పుడు నాకు తెలీదు. ఏది వంటిల్లో తేలలేదు. ఈలోగా వెనకనించి కాల్చి చంపేశారు. మళ్ళీ సూక్తి.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ వీధులు నాకు ఇదివరకే తెలుసుననిపించింది. తెల్లవారుజామున తట్టింది. 2009 వేసవిలో మధ్యగదిలో కూర్చుని నేను రాసిన వ్యాసం ఈ బెర్లిన్ గురించే.

చాలామందికి ఆ పుస్తకం తెలిసే ఉంటుంది. 'ఎ వుమన్ ఇన్ బెర్లిన్'. పేరు చెప్పుకోని ఒక స్త్రీ 1945 ఏప్రిల్ 20 నించి జూన్ 22 దాకా రాసుకున్న డైరీ. ముప్పై దాటిన మనిషి, పత్రికారచయిత్రి, కాస్త రష్యన్ మాట్లాడగలదు. నేలమాళిగలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో తలదాచుకుంది. ఎర్రసైన్యం వచ్చాక ఆ అపార్టుమెంట్ల మెట్ల మీదా గదుల్లోనూ ఏం జరిగిందో లెక్క రాసినట్టు రాసింది. ఆడవాళ్ళు ఒకరినొకరు పలకరించుకునే తీరే మారిపోయిందంటుంది. జరిగిందా అని కాదు, ఎన్నిసార్లు అని అడుగుతారు. కనబడ్డవాడి చేతిలోనల్లా నలగకుండా ఉండటానికి ఒక అధికారిని తనే వెతుక్కున్న సంగతి కూడా దాచుకోలేదు. రష్యాలో జర్మన్ సైన్యం ఏం చేసి వచ్చిందో కూడా ఆమె దాచలేదు. బెర్లిన్ ఆసుపత్రుల అంచనాల మీద ఆధారపడి చరిత్రకారులు ఆ నగరంలో అత్యాచారాలకు గురైన స్త్రీల సంఖ్య లక్షకి అటూ ఇటూ ఉంటుందంటారు. ఆమె ప్రేమించిన మనిషి యుద్ధం నించి తిరిగొచ్చి, ఈ డైరీ చూసి, మీరంతా సిగ్గు వదిలేశారన్నట్టు మాట్లాడి వెళ్ళిపోయాడు. పుస్తకం 1954లో ఇంగ్లీషులో వచ్చింది. 1959లో జర్మన్‌లో వస్తే జర్మన్ స్త్రీల పరువు తీసిందన్నారు. తను బతికుండగా మళ్ళీ అచ్చు వెయ్యొద్దంది. 2001లో ఆమె పోయాక, 2003లో మళ్ళీ వచ్చింది. 2008 అక్టోబరులో జర్మనీలో దాని మీద సినిమా విడుదలైంది. మరుసటి నెలలోనే ఈ ఆట బజారులోకొచ్చింది.

అంటే ఆ వేసవిలో ఒకే ఇంట్లో, తలుపుకి అటూ ఇటూ, మేమిద్దరం ఒకే ఊళ్ళో, ఒకే వారంలో ఉన్నాం. వాడు ఇళ్ళలోకి చొరబడుతున్నాడు. నేను ఆ ఇళ్ళలో దాక్కున్నవాళ్ళ మధ్య ఉన్నాను. "సౌండు తగ్గించరా" అన్నది తప్ప మామధ్య ఒక్క మాట లేదు.

ఆ వ్యాసం రాసేటప్పుడు నాకు ఒక ఇబ్బంది ఉండేది. ఎర్రసైన్యం గురించి ఇలాంటిది ఎలా రాయడం? సోవియట్ దేశం ఆ యుద్ధంలో పోగొట్టుకున్న ప్రాణాలు రెండుకోట్ల డెబ్భై లక్షలు. ఫాసిజాన్ని నిలబెట్టి వెన్ను విరిచింది వాళ్ళే. అది నిజం. ఇదీ నిజం. నాన్న అప్పటికి మంచంలో ఉన్నాడు. అచ్చయిన వ్యాసం ఆయనకి చూపించలేదు. శత్రువులకి ఆయుధం ఇస్తున్నావంటాడని భయపడ్డాను. ఆరునెలల తర్వాత పోయాడు. ఇప్పుడు తెలుస్తోంది, నేను ఆయన దగ్గర దాచినదాన్ని ఈ ఆట మావాడి దగ్గర దాచింది.

ఆటలో కూడా ఒక డైరీ ఉంది. చెర్నోవ్ అనే కుర్ర సైనికుడు రాస్తుంటాడు. నాకు ఇది చూసి చాలా ఆశ్చర్యమేసింది. రెజ్నోవ్‌ది పగ. స్టాలిన్‌గ్రాడ్‌లో చేసినదానికి బదులు తీర్చుకోవాలంటాడు. చెర్నోవ్ వెనకాడతాడు. అందుకే అందరూ అతన్ని ఎగతాళి చేస్తారు. అపార్టుమెంట్లు దాటాక భూగర్భ రైలు స్టేషను మెట్ల దగ్గర ముగ్గురు జర్మన్లు చేతులెత్తి నిలబడతారు. కాల్చాలా వద్దా అన్నది నా ఇష్టం. నేను వేలు తీసేశాను. చూస్తూ నిలబడ్డాను. పక్కనున్నవాళ్ళు నిప్పు సీసాలు విసిరి వాళ్ళని సజీవంగా తగలబెట్టారు. నేను కాల్చలేదు కదా అని ఒక క్షణం తృప్తిపడ్డాను కూడా. తర్వాత ఆలోచిస్తే, తుపాకీ చేతిలో పెట్టుకుని చూస్తూ ఊరుకున్నవాళ్ళ గురించి నేను ఎన్ని పేజీలు రాశానో గుర్తొచ్చింది.

చివర్లో పార్లమెంటు భవనం మెట్ల మీద చెర్నోవ్ మంటల్లో పడతాడు. అతని డైరీని రెజ్నోవ్ తీసుకుంటాడు. ఆ తర్వాతి అంకం మొదట్లో అందులోంచి ఒక ముక్క చదువుతాడు. అది దిమిత్రి గురించి, అంటే నా గురించి. దారిపొడుగునా నేను ఎవరిని చంపానో ఎవరిని వదిలేశానో చూసుకుని ఆ ముక్క మారుతుంది. కనికరించినవాడు వీరుడవుతాడు, చంపినవాడు క్రూరుడవుతాడు. నాకు వచ్చిన తీర్పు రెండూ కాదు, ఇతను ఎలాంటివాడో తేలడం లేదన్న ధోరణిలో ఉంది. న్యాయమే అనుకున్నాను.

ఇంత ఆలోచన చేసిన ఆట అది. సైనికుడి నీతి ఏమిటని అడిగింది, సాక్ష్యానికి ఒక డైరీ పెట్టింది. కానీ ఆ డైరీకి తెలిసిన నేరం ఒక్కటే, లొంగిపోయిన మగవాణ్ణి చంపడం. ఆ ఇళ్ళలో ఇంకే నేరమూ జరిగే వీలు లేదు, ఎందుకంటే ఎవరూ లేరు. ముందే అందరినీ ఖాళీ చేయించారు. మంచం కింద చూశాను, మెట్ల కింద చూశాను. లేరు. రెజ్నోవ్‌ని, దిమిత్రిని, నన్ను శుభ్రంగా ఉంచడానికి ఒక నగరంలోని ఆడవాళ్ళని, ముసలివాళ్ళని, పిల్లల్ని మొత్తం తీసేశారు.

బెర్లినే కాదు. మధ్యలో ఒకినావా వస్తుంది. అక్కడా షూరీ కోట, వాన, బురద, సైనికులు. ఆ దీవిలో 1945లో చనిపోయిన సాధారణ ప్రజలు సుమారు లక్షమంది. నర్సుల పనికి గుహల్లోకి తీసుకెళ్ళిన హిమెయూరి విద్యార్థినులూ టీచర్లూ 240 మంది. సగానికి పైగా తిరిగిరాలేదు. ఆటలోని ఒకినావాలో బడి లేదు.

ఆదివారం మావాడు అమెరికా నించి ఫోన్ చేసినప్పుడు చెప్పాను. మొదట నమ్మలేదు. తర్వాత పగలబడి నవ్వాడు. "అమ్మా, నువ్వు? వరల్డ్ ఎట్ వారా? ఎక్కడిదాకా వచ్చావ్?" అన్నాడు. ఇన్నేళ్ళలో వాడు నన్ను అంత ఉత్సాహంగా ఏదీ అడగలేదు. ఎక్కడ ఎటు తిరగాలో, ఏ కిటికీలోంచి కాలుస్తారో అన్నీ వాడికి గుర్తే. పదహారేళ్ళ తర్వాత కూడా ఆ ఇళ్ళన్నీ వాడికి కొట్టినపిండి.

"ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు లేరేంట్రా?" అన్నాను.

"ఏ ఇళ్ళలో?"

"బెర్లిన్‌లోవి."

కాసేపు ఆలోచించాడు. "ఎప్పుడూ అనుకోలేదమ్మా" అన్నాడు. మళ్ళీ తనే, "మామూలు జనాన్ని పెట్టరమ్మా అలాంటి గేముల్లో. పెడితే ఆడేవాళ్ళు కాల్చేస్తారు" అన్నాడు.

"నువ్వూ కాల్చేవాడివా?"

"ఇరవయ్యేళ్ళప్పుడా?" ఆగాడు. "తెలీదమ్మా. ఏమవుతుందో చూద్దామని ఒకసారి కాల్చేవాణ్ణేమో."

వాడు అబద్ధం చెప్పనందుకు నాకు సంతోషం వేసింది. అదే మాట నన్ను నేను అడిగి చూసుకున్నాను. తలుపు తన్ని లోపలికి దూకినప్పుడు ఏది కదిలినా ముందు పేల్చడమే నేను నేర్చుకున్నది. పేల్చాకే చూస్తాను ఎవరో. మొదట్లో పధ్నాలుగుసార్లు చచ్చింది అది రాకే. ఆ గదిలో ఒక ముసలమ్మ ఉంటే నేనూ చంపేసి ఉండేదాన్ని. ఉండి ఉంటే నాకు ఈ ఆట నచ్చేది కాదు. లేకపోవడం వల్లే నచ్చింది. వాళ్ళని తీసేసినవాళ్ళ మీద కోపం తెచ్చుకుంటున్న నేను, తీసేసినందుకు రాత్రి పదకొండింటిదాకా సుఖపడ్డాను.

అప్పుడు వాడికి డైరీ సంగతి చెప్పాను. ఆ వేసవిలో నేను రాసింది దాని గురించేనని కూడా చెప్పాను. ఫోన్లో చాలాసేపు మాట లేదు. లోపలెక్కడో మనవరాలు ఏదో అడుగుతూ ఉంది. "పుస్తకం పేరు మెసేజ్ పెట్టమ్మా" అన్నాడు.

ఆఖరి అంకం ఆడకుండా వదిలేద్దామనుకున్నాను. కానీ ఆడాను. రెజ్నోవ్ భుజం మీద చెయ్యేసి ముందుకి నడిపిస్తాడు. గుండు తగిలి ఒరిగిపోతూ కూడా దిమిత్రి, అంటే నేను, రీష్‌టాగ్ కప్పు మీద ఎర్రజెండా పాతుతాను. జెండా ఎగిరింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏం చెయ్యను, చిన్నప్పుడు మా ఇంటి గోడమీద ఉన్న ఫొటో అది. సోవియట్ భూమిలోంచి నాన్న కత్తిరించి అతికించింది. 1945 మే 2న యెవ్గెనీ ఖాల్దేయ్ తీసిన ఫొటో. ఆ జెండా కోసం టాస్ వార్తాసంస్థలో బల్లల మీద పరిచే ఎర్రగుడ్డలు తీసుకుని కుట్టించాడని తర్వాత చదివాను. ఫొటోలో జెండా ఎత్తినవాడి కాళ్ళు పట్టుకుని ఆసరాగా నిలబడ్డవాడి రెండు చేతులకీ రెండు గడియారాలున్నాయట. దోచుకున్నవని తెలిసిపోతుందని నెగెటివు మీద ఒక గడియారాన్ని గీకేశాడు ఖాల్దేయ్. మా గోడమీద ఉన్నది గీకేసిన తర్వాతి ఫొటోయే అయి ఉండాలి.

కాలికి కట్టు విప్పాక ఒకరోజు మళ్ళీ ఆ అపార్టుమెంట్ల అంకం తెరిచాను. ఈసారి ఎవర్నీ కాల్చకుండా ఊరికే గదుల్లో తిరుగుదామని. అది కుదరలేదు. ముందుకి కదలకపోతే శత్రువులు వస్తూనే ఉంటారు, వెనకనించి మనవాళ్ళు పద పదమని అరుస్తూనే ఉంటారు. ఒక గది మూలకి చేరి మోకాళ్ళ మీద కూచున్నాను. కొంచెంసేపు ఎవరూ రాలేదు. తలుపుకేసి చూస్తూ ఉన్నాను. బయట బూట్ల చప్పుడు వినిపిస్తోంది. తుపాకీ నా చేతిలోనే ఉంది, దాన్ని కింద పెట్టే మీట ఏదీ లేదు.

నెల తర్వాత మావాడు ఫోన్ చేశాడు. ఆఫీసుకి వెళుతూ కార్లోంచి. పుస్తకం సగం చదివాడట. మెల్లిగా చదువుతున్నానన్నాడు. అటూ ఇటూ మాట్లాడాక, "అమ్మా, ఆ బిల్డింగు ఏ వీధిలోది? పుస్తకంలో ఎక్కడా దొరకట్లేదు" అన్నాడు.

"చెప్పలేదురా. పేర్లూ వివరాలూ మార్చేసి రాసింది."

"మ్యాపు పెట్టుకుని చూస్తున్నా" అన్నాడు.